యంత్రశిల్పి జి. డి. నాయుడుగారు

మహాపురుషుల చరిత్రములనగా మనకు సాధారణముగా రాజుల చరిత్రములును, కవుల చరిత్రములును, దేశభక్తుల చరిత్రములును స్ఫురించును. చేతులకు నూనెమసి యంటించుకొని, మరలు విప్పుచు బిగించుచు బ్రదుకు గడపినవాని చరిత్రము పాఠ్యపుస్తకములలో అరుదుగా కానవచ్చును. కాని ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవలసినపుడు మనలను మోసికొని పోవునది యంత్రమే గదా! వేసవియందు నూతిలోని నీటిని పైకి దెచ్చి మెట్టపైరును బ్రదికించునదియు యంత్రమే. మన నిత్యజీవనమునకు ఇంతగా ఆధారమైన ఈ యంత్రములను, ఏ కళాశాలయందును చదువక, ఏ గురువును ఆశ్రయింపక, తన కష్టార్జితముతో కొన్న పాతబండిని విప్పి చూచుటచే నేర్చికొనిన తెలుగువాడొకడు దక్షిణదేశమున నుండెను. ఆయనయే కోయంబత్తూరు వాస్తవ్యులు శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు. లోకమునకు ఆయన జి. డి. నాయుడుగానే తెలియును.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీని కోయంబత్తూరునకు సమీపమునగల కలంగల్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి గోపాలస్వామి నాయుడుగారు వ్యవసాయదారులు. ఇంట మాటలాడు భాష తెలుగు. విజయనగర ప్రభువుల కాలమునందును, తరువాతి నాయకరాజుల కాలమునందును తెలుగుదేశమునుండి అనేక కుటుంబములు దక్షిణమునకు తరలిపోయి, అచ్చటి నల్లరేగడి భూములను సాగుచేసికొని స్థిరపడెను. శ్రీకృష్ణదేవరాయలు 1514వ సంవత్సరమున గజపతులనుండి గెలుచుకొనిన కోట మన ఉదయగిరికొండపై నేటికిని నిలిచియున్నది. ఆ రాయలయేలుబడినాటి తెలుగు పలుకు నాలుగువందల యేండ్లకు పిమ్మటను ఆ దూరదేశపు పల్లెటింట వినబడుచుండుట మనకు సంతోషము గలిగింపదగినది.

బాల్యమున దొరస్వామికి చదువుపై ఆసక్తి లేకుండెను. పలకపట్టి కూర్చుండుట ఆతనికి చెరసాలవలె తోచెను. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పాఠశాలనుండి వెడలగొట్టబడెనని ఆయనను గూర్చి చెప్పుకొందురు. ప్రాథమిక విద్యతోనే ఆతని బడిచదువు ముగిసెను. ఈ సంగతి చదివి బాలురెవ్వరును సంతోషింపవలదు. దీనినిగూర్చి చివర మరల ముచ్చటింతము. బడి విడిచిన బాలుడు పొలమున తండ్రికి సాయపడుచుండెను. చదువు విడిచెనేగాని తెలిసికొనవలెననెడు కోరికను ఆతడు విడువలేదు. ఆ కోరికకు దారి చూపిన వస్తువు కొంతకాలమునకు ఆతని కంటబడెను.

అది యొక మోటారు సైకిలు. ఆ కాలమున కలంగల్ వంటి పల్లెలకు ఎడ్లబండియే వాహనము. ఎద్దులు లేక, గుఱ్ఱము లేక, తొక్కువాడు లేక తనంత తాను పరుగిడు బండి పల్లెవారికి ఇంద్రజాలమువలె నుండెను. ఒక ఆంగ్ల రెవెన్యూ ఉద్యోగి దానిపై నెక్కి ఆ ప్రాంతమున సంచరించుచుండెను. ఇంగ్లండు దేశమున కోవెంట్రీ నగరమునందు రడ్జి అను సంస్థవారు నిర్మించిన బండి అది. చూచినవారందరును నోరు తెరచి చూచి, ధూళి యణగినపిదప తమ పనులకు తాము పోయిరి. దొరస్వామి మాత్రము అట్లు పోలేదు. ఈ బండి ఏల కదలుచున్నది? దీని కడుపులో నేమున్నది? అను ప్రశ్నలు ఆతనిని వెంటాడెను. అట్టి బండిని తాను సంపాదించి, విప్పి చూడవలెనని ఆతడు నిశ్చయించుకొనెను.

నిశ్చయము సులభము, ధనము దుర్లభము. మోటారు సైకిలు విలువ ఒక సామాన్యరైతుకు గూడ అందుబాటులో నుండునది కాదు. అప్పు చేయుటకు ఆతడు పూనుకొనలేదు. గ్రామము విడిచి కోయంబత్తూరు పట్టణమునకు వచ్చి, ఒక హోటలులో వడ్డనచేయు పనివానిగా కుదిరెను. రైతుబిడ్డ యొకడు పరుల యెంగిలి యాకులు తీయుచు నుండుట నాడు గౌరవమైన పనిగా నెంచబడెడిది కాదు. ఆతడు దానిని లెక్కింపక, భోజనము హోటలులో జరుగుచుండగా, జీతములో ఒక్క అణాయైన వ్యర్థపుచ్చక కొన్ని సంవత్సరములు కూడబెట్టెను. తుదకు మూట నిండెను. ఆతడు ఆ ఆంగ్ల ఉద్యోగికడకు పోయి, ఆయన వాడుచున్న ఆ బండినే బేరమాడి కొనెను.

చదువరులారా! ఇచ్చట మనము ఒక విషయమును గమనింపవలెను. ఎంతో కష్టపడి కొన్న వస్తువును ఎవరైనను అపురూపముగా దాచుకొందురు. లేదా దానిపై నెక్కి నలుగురికి చూపుచు తిరుగుదురు. దొరస్వామి నాయుడు ఆ బండిని విప్పివైచెను. మరలు, చక్రములు, గొట్టములు అన్నియు విడివిడిగా చేసి, ఒక్కొక్క దానిని త్రిప్పి చూచి, దేనివలన నేమి జరుగుచున్నదో తెలిసికొని, మరల యథాస్థానమున కూర్చెను. కూర్చినపిదప బండి నడచెను. ఆయనకు అదియే పాఠశాల, అదియే పాఠ్యపుస్తకము, బండి నడచుటయే పరీక్షలో కృతార్థతాపత్రము.

ఆ పని యెంత కష్టమైనదో తెలియుటకు ఇంజను తత్త్వమును కొంత తెలిసికొనవలెను. అట్టి మోటారు సైకిలునకు ఒకే సిలిండరు ఉండును. సిలిండరనగా లోపల నున్నగా తొలిచిన ఇనుపగొట్టము. దానిలో పిస్టను అను లోహపుముద్ద పైకిని క్రిందికిని ఆడుచుండును. పిస్టను మొదటిసారి క్రిందికి దిగునపుడు గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని లోనికి పీల్చును. పైకి ఎక్కునపుడు దానిని గట్టిగా నొక్కును. ఆ సమయమున మాగ్నెటో అను సాధనము పుట్టించు విద్యుత్తు ప్లగ్గు కొనయందు నిప్పురవ్వయై, నొక్కబడిన ఆవిరిని మండించును. ఆ మంట విస్తరించి పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. మరల పైకి వచ్చునపుడు పిస్టను కాలిన పొగను బయటికి నెట్టును. ఈ నాలుగు గతులలో ఒక్కటిమాత్రమే శక్తినిచ్చునది. తక్కిన మూడును బరువైన చక్రము తిరుగుడుచే సాగును. మోటారు సైకిలునందును, కారునందును, బస్సునందును సిలిండర్ల సంఖ్యలో భేదమున్నను, నొక్కుట, మండుట, త్రోయుట అను మూలసూత్రమునందు భేదము లేదు. కావున ఒక చిన్న ఇంజనును చక్కగా నెరిగినవాడు పెద్దదానిని చూచి భయపడడు.

పాత ఇంజనును ఇంటియొద్దనే, తక్కువ ధనముతో, బాగుచేయదలచినవాడు ముందుగా పాటింపవలసినది క్రమము. విప్పిన ప్రతి భాగమును విప్పిన వరుసలోనే ఒక గుడ్డపై పేర్చవలెను. ఏ మర ఏ రంధ్రమునుండి వచ్చినదో గుర్తు పెట్టవలెను. ఈ జాగ్రత్తకు ఖర్చు లేదు. కాని దీనిని విడిచినవాడు తుదకు చేతిలో నాలుగు మరలు మిగిలి, అవి యెచ్చటివో తెలియక తలపట్టుకొనును. పిమ్మట ప్రతి భాగమును కిరసనాయిలుతో కడుగవలెను. పిస్టను తలపై పేరుకొనిన మసిని కఱ్ఱముక్కతో గీకవలెను. ఇనుపయులితో గీకినచో మెత్తని లోహమునకు గాయమగును. పిస్టను చుట్టునుండు రింగులను తీసి, సిలిండరులోపల ఒంటిగా పెట్టి, వాని కొనలనడుమ ఎంత సందున్నదో చూడవలెను. సందు మితిమీరి యున్నచో మండిన వాయువు ప్రక్కలనుండి జారిపోవును; ఇంజనునకు బలము తగ్గును; నూనె వ్యర్థముగా కాలిపోవును. రింగులు అరిగినచో క్రొత్తవి కొనక తప్పదు.

వాల్వుల విషయమున ధనముకంటె ఓర్పు ముఖ్యము. వాల్వు తన పీటపై బిగువుగా కూర్చుండనిచో ఇంజను ఊపిరి నిలువదు. నూనెలో కలిపిన ఎమరి పొడిని వాల్వు అంచునకు రాచి, దానిని పీటపై నుంచి, అటునిటు త్రిప్పుచు, నడుమనడుమ ఎత్తి చోటు మార్చుచు నూరవలెను. అంచు చుట్టును ఎడము లేక బూడిదరంగు వలయము ఏర్పడువరకు ఈ పని సాగవలెను. తరువాత వాల్వును మూసి, దానిపై కొంచెము కిరసనాయిలు పోసి, అది దిగజారునో లేదో కనిపెట్టవలెను. దిగజారకున్నచో పని ఫలించినట్లు. కార్బురేటరులోని సన్నని రంధ్రము మూసికొనిపోయినచో గాలి ఊది శుభ్రపరచవలెనే కాని తీగతో పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో పెట్రోలు వ్యయము పెరుగును. కనెక్టింగు రాడ్డును పట్టి పైకి క్రిందికి ఆడించి, బేరింగు అరిగినదో లేదో చూడవలెను. మాగ్నెటో మొనలను శుభ్రపరచి, అవి తెరచుకొను సందును సరిచేయవలెను. పెట్టెభాగముల కీళ్లయందు నూనె కారకుండ దట్టమైన కాగితమును కత్తిరించి అమర్చవచ్చును. చివరకు మరలను ఒక ప్రక్కనే బిగింపక, ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఈ విధముగా చూచినచో ఇంజను మరమ్మతునందు సగమునకు పైగా పని శుభ్రతయు, పరిశీలనయు, ఓర్పుమాత్రమే. క్రొత్తవస్తువు కొనుట అన్నిటికంటె చివరి పని. బీదవానికి యంత్రవిద్య అందుటకు కారణ మిదియే.

ఇట్లు ఇంటియొద్దనే కొద్దిధనముతో ఇంజనుపని నేర్చి పైకి వచ్చినవారు పాశ్చాత్యదేశములందును కలరు. అమెరికాయందు హెన్రీ ఫోర్డు అను రైతుబిడ్డ డిట్రాయిటు నగరమున ఒక విద్యుత్ కంపెనీలో ఉద్యోగము చేయుచు, తీరిక వేళలయందు పాతగొట్టపు ముక్కతో సిలిండరు చేసి ఒక చిన్న ఇంజనును నిర్మించెను. 1893వ సంవత్సరము క్రిస్మసు ముందటి రాత్రి ఆయన దానిని వంటయింటి తొట్టెకు బిగించి నడిపి చూచెను. పండుగవంటలో మునిగియున్న ఆయన భార్య క్లారా, చేతిపని విడిచి, బొట్టు బొట్టుగా పెట్రోలు పోసి సాయపడెను. సుమారు రెండున్నర యేండ్లకు, అనగా 1896వ సంవత్సరము జూనులో, ఆయన మొదటి బండి సిద్ధమయ్యెను. అది కొట్టు వాకిటికంటె వెడల్పుగా నుండుటచే, గోడ పగులగొట్టి దానిని వీథిలోనికి తేవలసివచ్చెను. ఫోర్డు తన యింజనును చేసిన ఆ 1893వ సంవత్సరముననే మన నాయుడుగారు జన్మించుట ఒక వింత. ఇరువురకును విద్య నేర్పినది తరగతిగది కాదు, పనిబల్ల.

మోటారు సైకిలు రహస్యము తెలిసినపిదప నాయుడుగారు యంత్రములను బాగుచేయువానిగా పని ప్రారంభించిరి. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున ప్రత్తి వ్యాపారమునందు దిగి ధనము గడించిరి. ఆ ధనముతో బొంబాయికి పోయి, పెద్దవ్యాపారము చేయబూని, గడించినదంతయు పోగొట్టుకొనిరి. ధరల యెగుడుదిగుళ్లపై ఆధారపడిన లాభము నీటిబుడగవంటిదని ఆయనకు అనుభవముచే తెలిసెను. చేతిలో ధనము పోయెను గాని, చేతిలోని విద్య పోలేదు. ఆయన మరల యంత్రములనే ఆశ్రయించిరి.

ఆ కాలమున కోయంబత్తూరునందు స్టేన్స్ అను ఆంగ్ల కుటుంబమువారు ప్రసిద్ధులైన వర్తకులు. 1862వ సంవత్సరమున అచ్చట ఒక పాఠశాలను స్థాపించిన సర్ రాబర్టు స్టేన్స్ దొరగారు ఆ కుటుంబమున పెద్దలు. నాయుడుగారి నేర్పును, నిజాయితీని గుర్తించి స్టేన్స్ దొరగారు ఋణసహాయము చేయగా, 1920వ సంవత్సరమున నాయుడుగారు ఒక బస్సును కొని, పొల్లాచ్చి పళనిల నడుమ నడుపసాగిరి. బస్సు నడుపువారును ఆయనయే. చెడినపుడు క్రిందదూరి బాగుచేయువారును ఆయనయే. ఇతరుల బండ్లు చిన్నలోపమునకే దారిలో నిలిచిపోవుచుండగా, ఆయన బండి వేళకు బయలుదేరి వేళకు చేరుచుండెను. ప్రయాణికులు దానికే ఎదురుచూడ మొదలిడిరి. ఒక బస్సు రెండయ్యెను, రెండు పదులయ్యెను. కొలది సంవత్సరములలో యూనివర్సల్ మోటార్ సర్వీసు, అనగా యు.ఎం.ఎస్., అను పేర ఆయన స్థాపించిన సంస్థ దేశమునందలి మేలైన బస్సు సంస్థలలో నొకటిగా పేరొందెను. వడ్డనచేసిన చేతులు వందలమంది పనివారికి జీతము లిచ్చు చేతులాయెను.

ధనవంతులైనపిదపను నాయుడుగారి జిజ్ఞాస తగ్గలేదు. ఆయన ఐరోపాఖండమునకు పోయి, జర్మనీ దేశపు కర్మాగారములను దర్శించిరి. చిన్న బ్యాటరీలతో నడచు క్షౌరయంత్రమును ఆయన కల్పింపగా, అది రాసంట్ అను పేర జర్మనీయందలి హైల్‌బ్రాన్ పట్టణమున తయారయ్యెను. మిక్కిలి పలుచనైన క్షురపత్రములు, పండ్లరసము తీయు సాధనము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓటు నమోదు యంత్రము మొదలగునవి ఆయన బుద్ధినుండి వెలువడినవే. ఛాయాగ్రహణమునందును ఆయనకు మిక్కిలి ప్రీతి. 1936వ సంవత్సరమున అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను లండను నగరమున ఆయన స్వయముగా చలనచిత్రముగా తీసిరి.

ఆయన చేసిన పనులలో రైతులకు మిక్కిలి యుపకరించినది విద్యుత్ మోటారు నిర్మాణము. నీలగిరులయందలి పైకారా నదీజలములనుండి 1932వ సంవత్సరమున విద్యుత్తు పుట్టింప మొదలిడగా, కోయంబత్తూరు ప్రాంతమున మిల్లులును, నూతులపై పంపులును పెరిగెను. కాని వానిని త్రిప్పు మోటార్లు విదేశములనుండి రావలసియుండెను. ఇట్టి తరుణమున, పీలమేడు గ్రామమున నాయుడుగారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు అను కర్మాగారమునుండి 1937వ సంవత్సరమున భారతదేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడెను. దీని నిర్మాణమునకు ముఖ్యమైన మేధాశక్తి డి. బాలసుందరం నాయుడుగారిది. బాలసుందరముగారు పిమ్మట టెక్స్‌టూల్ అను ప్రసిద్ధ సంస్థను స్థాపించిరి. నేడు కోయంబత్తూరు మోటార్లకును పంపులకును పుట్టినిల్లుగా దేశమంతటను పేరు గాంచినది. మన మెట్టప్రాంతపు రైతు నూతియొద్ద నిలిచి మీట నొక్కునపుడు, ఆ పీలమేడు కర్మాగారమును స్మరించుట తగును.

1941వ సంవత్సరమున నాయుడుగారు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి యీయగలనని ప్రకటించిరి. మంచివస్తువు ధనవంతునకే కాక సామాన్యునకును అందవలెననుట ఆయన జీవితమంతటికిని సూత్రము. ఒకప్పుడు ఒక యంత్రముకొరకు సంవత్సరములతరబడి కూడబెట్టినవాడు గనుక, ధరయనగా నేమో ఆయనకు తెలియును.

1944వ సంవత్సరమున ఆయన మోటారు వ్యాపారపు బాధ్యతలనుండి తప్పుకొని, పరిశోధనలకును, పనివారి క్షేమమునకును విరాళములు ప్రకటించిరి. 1945వ సంవత్సరమున ఆయన ధనసహాయముతో, నాటి మద్రాసు గవర్నరైన సర్ ఆర్థర్ హోప్ గారి పేర కోయంబత్తూరున ఒక పాలిటెక్నిక్కును, సాంకేతిక కళాశాలయు వెలసెను. ప్రాథమిక విద్యతో ఆగిన మనుష్యుడు దానికి ప్రిన్సిపాలుగా నియుక్తుడగుట అపూర్వము. కాని అచ్చట ఆయనకును ప్రభుత్వమునకును భేదాభిప్రాయము పుట్టెను. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు అనవసరమనియు, యంత్రశాలయందు చక్కగా పని చేయించినచో రెండేండ్లే చాలుననియు ఆయన వాదము. ప్రభుత్వమువారు దాని నంగీకరింపలేదు. ఆయన పదవిని విడిచిరి. కళాశాలమాత్రము నిలిచినది, కోయంబత్తూరునందలి ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా అది నేటికిని విద్యార్థులకు విద్య నొసగుచున్నది. రెండేండ్లు చాలునా, నాలుగేండ్లు కావలెనా అనుట పండితులు తేల్చవలసిన విషయము. గ్రంథవిద్యకు చేతిపని తోడు కానిచో ఇంజనీరు పూర్ణుడు కాడనుటలో మాత్రము సందేహము లేదు.

నాయుడుగారి జీవితమున మిక్కిలి విచారకరమైన ఘట్టము ఇంకొకటి కలదు. 1952వ సంవత్సరమున ఆయన ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును నిర్మించి, దానిని 2,000 రూపాయలకే అమ్మవచ్చునని చూపిరి. కారు ధనికుల భూషణముగా నున్న ఆ కాలమున, ఒక చిన్న యుద్యోగి గూడ కూడబెట్టి కొనదగిన కారు అది. కాని అప్పటి నియమముల ప్రకారము ప్రభుత్వానుమతి లేక కార్లను తయారుచేసి అమ్ముట కుదరదు. అనుమతి లభింపలేదు, నిర్మాణము ఆగిపోయెను. పన్నుల భారమువలనను ఆయన మనస్సు నొచ్చెను. తాను చేసిన వస్తువులను కొన్నింటిని జనులయెదుట పగులగొట్టి తన నిరసనమును వెల్లడించిరి. కష్టపడి చేసిన వస్తువును నాశనము చేయుట తగునా యని ఆనాడే కొందరు ఆక్షేపించిరి. ఆయన బాధ సత్యమైనది. ఆక్షేపణయు తీసివేయదగినది కాదు. ఆయన నిజముగా పోగొట్టుకొనినది ధనము కాదు. తన యౌవనమునాటి తనవంటి బీదవాని చేతికి ఒక బండి తాళము నందించు అవకాశము.

ఆయన బుద్ధి యంత్రములకే పరిమితము కాలేదు. తన తోటయందు ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొదలగు పైరులపై పరిశోధనలు చేసిరి. ఆ తోటను సర్ సి. వి. రామన్ గారును, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారును దర్శించిరి. పునాది మొదలు పైకప్పువరకు ఒక యింటిని పదునొకండు గంటలలో నిర్మింపజేసి చూపిరి. 1967వ సంవత్సరమున కోయంబత్తూరున పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీని, ఎనుబది యేండ్ల వయస్సున, పరమపదించిరి. ఆయన సేకరించిన యంత్రములును, నిర్మించిన వస్తువులును కోయంబత్తూరునందలి వస్తుప్రదర్శనశాలయందు భద్రపరుపబడియున్నవి.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి? బడి మానినవాడు గొప్పవాడగునని కాదు. బడి మానినవారు లక్షలు, నాయుడుగారు ఒక్కరే. ఆయన బడి మానెను గాని నేర్చుకొనుట మానలేదు. ధనము చేతికి రాగానే ఇతరుల పిల్లలకొరకు కళాశాల కట్టుటకు తోడ్పడెను. చదువు అనవసరమని తలచినవాడు కళాశాల నేల స్థాపించును? తన బాల్యమున తనకు దొరకని పాఠశాలను, అనగా చేతికి పని యిచ్చు పాఠశాలను, ఆయన ఇతరులకు కల్పింపజూచెను.

తలిదండ్రులకును ఇందు నేర్వదగినది కలదు. పిల్లవాడు గడియారమును విప్పినపుడు, పాత సైకిలును ముక్కలు చేసినపుడు మనకు కోపము వచ్చుట సహజము. విప్పినదానిని మరల కూర్చుమని చెప్పి, కూర్చువరకు ఓపికతో ప్రక్కన నిలుచుట మేలు. విప్పుట కుతూహలము, మరల కూర్చుట విద్య. ఆ రెంటి నడుమనున్న దూరమును దాటించుటయే పెద్దల పని. మఱియు చేతులు మసియగు పనిని నీచమని మన పిల్లలకు నేర్పరాదు. మన ఉదయగిరియందు అడవికఱ్ఱను చెక్కి చక్కని చెంచాలను, గరిటెలను చేయు శిల్పుల పనితనము దూరప్రాంతములవరకు పేరొందినది. ఒక్క కఱ్ఱముక్కలో చెంచాను చూడగల కంటికిని, పాత ఇంజనులో క్రొత్తప్రాణమును చూడగల కంటికిని భేద మెంతమాత్రమును లేదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులగుదురు, ఉపాధ్యాయులగుదురు, ఉద్యోగులగుదురు. కొందరు ఆత్మకూరులోనో, నెల్లూరులోనో మోటారు మరమ్మతు కొట్టులో పనికి కుదురుదురు. ఆ కొందరు తమను తాము తక్కువవారిగా నెంచుకొనరాదు. ధనము తక్కువయని నిరాశ పడరాదు. వరుస తప్పక విప్పుట, శుభ్రముగా కడుగుట, కారణము తెలిసికొనుట, అవసరమైనదే కొనుట, ఓర్పుతో కూర్చుట - ఈ అయిదు గుణములకు మూల్యము లేదు. ఇవి కలిగినవానికి పాడుబడిన ఇంజను పారవేయదగినది కాదు, పాఠ్యపుస్తకము. కలంగల్ గ్రామపు రైతుబిడ్డ దానిని చదివి పైకి వచ్చెను. ఆ పుస్తకము మనయందరి యెదుటను ఇంకను తెరువబడియే యున్నది.